డ్రైవ్‌కు పెట్టిన బొట్టు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్. ఈ మూడు జిల్లాల్లో నా చెయ్యి పడ్డంక లేవని కంప్యూటర్ లేదు. వనపర్తిలో దిగిన మొట్టమొదటి కంప్యూటర్‌ను ముట్టుకున్నది నేనే. ఇగ గద్వాలలో మా మరదలింట్లో పాణం పోయిన డ్రైవ్‌నైతే, పేరుమోసిన మెకానిక్‌లు చేతులెత్తేసినంక, మూడు దినాలు కడుపుకు సరిగ్గ తినకుండ కూసొని, ఈ రెండు చేతులతోని బతికించిన.

ఈ మాటలు ఎన్ని పెండ్లిళ్లలో చెప్పిన్నో నాకే లెక్క లేదు. బంతిలో పక్కన కూసున్నాయన పప్పు కలుపుకుంట "అట్లనా సార్!" అంటడు. ఆ ఒక్క మాట చాలు, నాకు ఊపొస్తది. మూడు దినాలు ఒక్కోసారి నాలుగైతయి.

ముందుగాల చిన్న అబద్ధం ఒప్పుకుంట. పెద్దదాన్ని ఒప్పుకోనీకె జర బలం వస్తది. వనపర్తిలో మొదటి కంప్యూటర్‌ను నేను ముట్టుకున్న మాట నిజమే. అది ఏదో ఆఫీసుకు లారీలో వచ్చింది. దించేటోళ్లకు ఒక మనిషి తక్కువ పడ్డడు. అప్పుడే నేను రోడ్డు మీద పోతున్న. అట్టపెట్టెకు ఒక మూల చెయ్యేసిన. గంతే. అది మొదటిదని చెప్పింది కూడ ఆ లారీ హమాలీనే. ఆయనకెట్ల తెల్సో నేను అడగలె, అడిగితె నాకే నష్టం.

నా అసలు పని టైపు నేర్పుడు. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినంక బోర్డు మీద "టైపు" అన్న మాట తుడిపించి "కంప్యూటర్" అని రాయించిన. బోర్డు మారింది, నేను మారలె. వేళ్లు ఎక్కడ పెట్టాలో నాకు తెల్సు. పెట్టె లోపల ఏమున్నదో తెల్వదు. "నాకు తెల్వదు" అనుడు మాత్రం డెబ్బై ఏండ్లొచ్చినా నేర్చుకోలె.

మరి ఇంత పేరెట్ల వచ్చింది? చెప్త. నా దగ్గర టైపు నేర్చుకున్నోళ్లలో ఒకాయన నాగర్‌కర్నూల్ బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నడు. ఇప్పుడు ఆయనకు నలభై దాటినయి, గడ్డం నెరుస్తున్నది. ఎవరి కంప్యూటర్ మొరాయించినా నాకు చెప్తరు. నేను కండ్లద్దాలు సరిచేసుకొని "ఊఁ" అని, బయటికి పోయి ఆయనకు ఫోన్ చేస్త. ఆయన ఏది గుంజుమంటె అది గుంజుత, ఏది ఒత్తుమంటె అది ఒత్తుత. లేస్తె పేరు నాది. లేవకపోతె మిషన్‌ది తప్పు.

మా ఇంటామె చెల్లెలు గద్వాలలో ఉంటది. వాళ్లది మగ్గం ఇల్లు. ఆమె భర్త, అంటె నా సడ్డకుడు, చీరలు నేస్తడు. ఆమె చీర అంచులకు డిజైన్లు గీస్తది. ఎనకట గళ్ల కాయితం మీద పెన్సిల్‌తోని గీసేది, ఇప్పుడు కంప్యూటర్ మీద గీస్తున్నది. ఆ గీసినదాన్ని బట్టి అట్టలకు బొక్కలు కొడ్తరు. అట్టల దండ మగ్గం మీదికి ఎక్కితె అంచులో పువ్వు లేస్తది. ఆమెకు మౌస్ పట్టుడు నేర్పింది నేనే. ఈ ఒక్కదాంట్లో అబద్ధం లేదు, ఎవర్నన్న అడుగుండ్రి.

రెండేండ్ల కింద, ఎండాకాలంలో, నాగర్‌కర్నూలాయన వచ్చి ఆమె కంప్యూటర్‌లో పాత హార్డ్ డిస్క్ తీసేసి ఎస్సెస్డీ బిగించి పోయిండు. చూస్తె అదెంత? నాలుక గీసుకునే బద్దను సగానికి ఇరిస్తె ఎంతుంటదో గంత. ఒక కొసకు వరుసగ బంగారు పూత పండ్లు. మదర్‌బోర్డు మీద సన్నటి సందులో ఆ పండ్లను గుచ్చి, రెండో కొసకు చిన్న స్క్రూ ఎక్కిస్తె అయిపాయె. తిరిగే చక్రం లేదు, చప్పుడు లేదు. పోంగ పోంగ ఆయన, "అక్కా, ఎందుకన్న మంచిది, ఇంకోదాంట్ల కూడ ఒక కాపీ పెట్టుకో" అని చెప్పిండంట.

ఆమె నాకు ఫోన్ చేసి అడిగింది, "పెట్టుకోవాల్నా బావా?"

"గాయన గట్లనే చెప్తడు, దుకాణపాయన గద" అన్న. "తిరిగే చక్రమే లేనిదానికి చెడేదేమున్నది? నీకు పండ్లన్ని ఊడిపోయినా దాని పండ్లు గట్టిగుంటయి."

ఆమె నవ్వింది, నమ్మింది. నేను బావను, పైగా మాస్టర్‌ను.

ఆ కంప్యూటర్‌లో డిజైన్లు చాన ఉండె గని, ఒకటి మాత్రం వేరె. అది ఆమె అత్త పెండ్లిచీర అంచు. ఆ ముసలామెకు ఎనభై దాటినయి. అంచులో రెండు నెమళ్లు చెరో దిక్కు మెడలు తిప్పుకొని ఉంటయి. నడుమ ఒక మామిడి పిందె, ఆ పిందె కడుపులో ఇంకో చిన్న పిందె. ఇప్పుడట్ల ఎవరూ నేస్తలేరు. చీరేమో మడత ఇప్పితె చాలు పిగిలిపోతుండె. నా మరదలు ఆ యేడు సంక్రాంతి నుంచి ఎనిమిది నెలలు భూతద్దం పట్టుకొని, పోగు పోగు ఎంచి, దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించింది. అయిపోయినంక, పాత జరీ చీరలు కాల్చి వెండి తీసుకునేటోళ్లు వీధిలోకి వస్తె, చీరను వాళ్లకిచ్చి స్టీలు బిందె తీసుకున్నరు. ముసలామె ఊకె ఒప్పుకోలె. "నీ అంచు డబ్బల పదిలంగ ఉన్నదత్తా, దీపావళికల్లా మగ్గం మీద చూపిస్త" అని కోడలు మాటిస్తెనే చీర మీది చెయ్యి తీసింది.

ఆ యేడు ఆయుధ పూజకు నేను, మా ఇంటామె గద్వాల పోయినం. ఆ దినం మగ్గం ఇండ్లలో పని బందు. మగ్గానికి, నాడెకు, రాట్నానికి, అన్నిటికి బొట్లు పెట్టి దండం పెడ్తరు. దసరా దాటేదాక మళ్ల వాటిని కదపరు. కంప్యూటర్ ఇంట్లోకొచ్చిన కాడినుంచి దానికి కూడ ఇదే మర్యాద. డబ్బ నెత్తి మీద మూడు గంధపు గీతలు, నడుమ కుంకుమ.

నా మరదలు గిన్నెలో గంధం కలుపుకొని వచ్చింది. పక్కిండ్ల నేతగాళ్లు పది మందిదాక కూడిన్రు. అంతమందిని చూస్తె నా నాలుక ఊకుంటదా?

"ఆగు" అన్న. "డబ్బకు పెడితె ఏమొస్తది? మనం బొట్టు నొసటికి పెట్టుకుంటమా, అంగీకి పెట్టుకుంటమా?"

"మరి దీని నొసలు ఏడున్నది బావా?" అన్నది మరదలు.

"లోపట."

మా ఇంటామె నా మొఖం చూసి, "నీకెందుకయ్యా, పండుగ పూట సక్కగ కూసోరాదు?" అన్నది. నేను ఇనలె. పక్క రేకు ఇప్పిన. కండ్లద్దాలు బిగించే చిన్న స్క్రూడ్రైవర్ ఎవరో తెచ్చిచ్చిన్రు. దాంతోని రెండుసార్లు జారి మూడోసారికి స్క్రూ తీసిన. ఎస్సెస్డీని రెండు వేళ్ల నడుమ పట్టుకొని అందరికి కనపడేటట్టు పైకి లేపిన.

"ఇగో, ఇదీ దీని జ్ఞాపకం. మీరు నేసే అంచులన్ని దీంట్లనే ఉన్నయి" అన్న.

నేతగాళ్లు దానికి చేతులు జోడించిన్రు. దానిక్కాదు, నాకే జోడించినట్టనిపించింది. నిజం చెప్తున్న, అంత సంబురం నాకు ఇన్నేండ్లలో కాలె. గంధంలో వేలు ముంచి బొట్టు పెట్టిన. వేలెడు కూడ లేని దానికి వేలంత బొట్టు. గంధం పల్చగుండె, కారి బంగారు పండ్ల మీదికి పోయింది. పోంగ నేను చూసిన. ఆరిపోతదిలే అనుకొని దాని మీద కుంకుమ కూడ అద్దిన. ముసలామె "ఇటియ్యి నాయినా" అని చెయ్యి చాపింది. ఇస్తె, రెండు కండ్లకద్దుకొని మళ్లిచ్చింది. తీసినట్టే సందులో గుచ్చి, స్క్రూ ఎక్కించి, రేకు మూసేసిన.

దసరా మా ఇంట్లో చేసుకోవాలని తెల్లారే వనపర్తికొచ్చినం. పండుగ దాటిన మర్నాడు మరదలి ఫోను.

"బావా, కంప్యూటర్ లేస్తలేదు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు. మొదలుపెట్టనీకె తనకు ఏ డ్రైవ్ దొరుకుతలేదని ఇంగ్లిష్ల రాస్తున్నది."

"తీగలు గుంజి మళ్ల పెట్టినవా?"

"పెట్టిన. నాలుగుసార్లు ఆపి మళ్ల చాలు చేసిన. గదే మాట."

"పరేషాన్ కాకు. రేపొస్త."

మర్నాడు బస్సెక్కిన. బీచుపల్లి కాడ కృష్ణ వంతెన మీద బస్సులో అందరు నదికి దండం పెట్టుకుంటున్నరు. నేను కూడ చేతులు జోడించిన. జోడించిన చేతులు ముక్కు కాడికొచ్చినయి. అప్పుడు యాదికొచ్చింది గంధం. ఆ వంతెన నుంచి గద్వాల దాక సీట్లో సక్కగ కూసోలె.

ఇంట్లోకి పోంగనే సడ్డకుడు మగ్గం కాడ కూసొని ఉన్నడు. పడుగు ఎక్కించి తయారుగ పెట్టిండు. అంచు అట్టలు ఒక్కటే తక్కువ. ముసలామె మంచం మీద గోడ దిక్కు తిరిగి పండుకున్నది. నేను కంప్యూటర్ చాలు చేసి, లేచేటప్పుడే మీట మీద మీట ఒత్తి, లోపలి సెట్టింగుల తెర తెప్పించిన. ఈ ఇద్య కూడ నాగర్‌కర్నూలాయన ఫోన్‌లో నేర్పిందే. ఆ తెర మీద డ్రైవ్‌ల జాబితా ఉంటది. అక్కడ ఎస్సెస్డీ పేరుండాలె. ఖాళీ. తనకు ఒక జ్ఞాపకం ఉండెనన్న సంగతే ఆ కంప్యూటర్‌కు తెల్వదు.

రేకు ఇప్పి దాన్ని బయటికి తీసిన. బంగారు పండ్ల మీద గంధం ఎండి పొక్కు కట్టింది, దాని మీద కుంకుమ ఎర్రగ. నాకు అర్థమైంది. ఎంత అర్థమైందంటె, చెవులు వేడెక్కినయి. ఒక్క మాట. "నేనే చెడగొట్టిన" అని ఒక్క మాట అంటె అయిపోతుండె.

అప్పుడే మంచం మీదినుంచి ముసలామె, ఇటు తిరగకుండనే, కోడల్ని అడిగింది. "డబ్బల ఉన్నదంటివి గద. ఏది?"

అందరికి ఈపు పెట్టి, తువాల కొసను ఉమ్మితోని తడిచేసి ఆ పండ్లను గబగబ తుడిచిన. రాసుకోవాలంటె సిగ్గైతున్నది గని, ఉమ్మితోనే. మళ్ల సందులో కుక్కిన. తడిసిన గంధం సందులోకి కూడ పోయిందని అప్పుడు నాకు తెల్వదు. చాలు చేసినం. మళ్ల గదే నల్ల తెర.

సడ్డకుడు మెల్లగ అడిగిండు. "అన్నా, పూజనాడు నువ్వు బయటికి తీస్తివి గద. అప్పుడేమన్న అయిందంటవా?"

"తీసి పెడితె పోయేదాన్ని డ్రైవ్ అంటరా?" అని గట్టిగ అందుకున్న. "బంగారు పూత ఉంటది దానికి. బంగారానికి గంధమేం చేస్తది? పీసే నకిలీది. ఎవరు బిగించిన్రు? ఆయన్ని అడుగుండ్రి."

గొంతు ఎంత గట్టిగ లేస్తె అబద్ధం అంత నిలబడ్తదని నా నమ్మకం. నిలబడ్డది. నా మరదలు అక్కడికక్కడే ఫోన్ కలిపింది, అందరికి వినపడేటట్టు పెట్టింది.

"సలాం అక్కా! పండుగ మంచిగైందా?" అన్నడు ఆయన.

"ఏం మంచి తమ్మీ! నమ్మి ఇంట్లకు రానిస్తె నకిలీది అంటగట్టి పోతవా? ఎనిమిది నెలలు గీసింది పాయె. మా అత్తకు నా మొఖం ఎట్ల చూపియ్యాలె? మగ్గం ఇండ్లల్ల ఇంకెవరన్న నిన్ను పిలుస్తరా?"

"అక్కా, నేను నకిలీది పెట్టలె. పెట్టెను నా దగ్గరికి తీసుకరాండ్రి, చూస్త. అప్పటిదాక ఎవరు ముట్టకుండ్రి" అన్నడు. మళ్ల, "సార్ గిట్ల ఉన్నడా ఆడ?"

"ఉన్నడు."

"ఇంకేం. సార్ కాడ ఉంటె నాకు భయం లేదు."

ఆ మాట నేను నిలబడ్డ చోటనే విన్న. మగ్గం గుంట పక్కనే ఉండె. ఆ గుంటలోకి దిగి కూసుంటె బాగుండనిపించింది.

తెల్లారి మరదలు, నేను కంప్యూటర్ పెట్టెను దుప్పట్లో చుట్టుకొని బయలెల్లినం. వనపర్తిలో బస్సు మారి గోపాల్‌పేట మీదుగ నాగర్‌కర్నూల్. కండక్టర్ పెట్టెను ఎనక సీటు కింద పెడ్త అంటె ఆమె ఇయ్యలె, ఒడిలోనే పెట్టుకున్నది. చంటిపిల్లకు పట్టినట్టు రెండు చేతులు అడ్డం పెట్టింది.

"మళ్ల గీద్దమంటె చీర లేదు బావా" అన్నది. "చీరను ఆ జరీ కాల్చేటోళ్లకు ఇచ్చిన దినం మా అత్త అన్నం తినలె. నేనే సముదాయించిన. చెడదని నువ్వు చెప్తివి గద, గా ధైర్యంతోనే ఇచ్చిన."

ఎత్తిపొడిచినట్టు కూడ అనలె. అట్లన్నా బాగుండు. నేను కిటికీలోంచి పత్తి చేండ్లు చూసుకుంట కూసున్న. ఇటు తిరిగేసరికి ఆమె పెట్టె మీద తల ఆనించి కండ్లు మూసుకున్నది. నిద్రపోయిందనుకున్న, పీడ పోయిందనుకున్న.

దుకాణంలో ఆయన లేచి నిలబడ్డడు. తన కుర్చీ నాకేసిండు. పెట్టెకు తీగలు కలిపి సెట్టింగుల తెర చూసిండు. డ్రైవ్ లేదు. ఎస్సెస్డీని తీసి, పని చేసే తన డ్రైవ్‌ను అదే సందులో గుచ్చి చూసిండు. అది కూడ కనపడలె.

"నా మంచిది కూడ దీనికి కనపడ్తలేదంటె, అక్కా, సందుల కూడ లొల్లి ఉన్నది" అన్నడు.

తర్వాత మా ఎస్సెస్డీని దీపం కింద పెట్టి భూతద్దంలోంచి చూసిండు. చూసి, ముక్కు కాడికి తెచ్చుకున్నడు. నా దిక్కు ఒక్కసారి చూసి, ఆమెతోని, "అక్కా, బస్సుల అలిసిపోయొచ్చిన్రు. పక్క హోటల్‌ల చాయ్ తాగి రాండ్రి. సార్‌కు ఇక్కడికే తెప్పిస్త" అన్నడు.

ఆమె పోయింది. ఇద్దరమే మిగిలినం.

"పూజ ఎవరు చేసిన్రు సార్?"

చూడుండ్రి, అప్పుడు కూడ దారి ఉండె. దుకాణంలో వినేటోళ్లు లేరు. అడిగింది నా దగ్గర చదువుకున్నోడు. "ఇంట్ల ఆడోళ్లు చేసినట్టున్నరు. ఆళ్లకేం తెలుస్తది?" అన్న.

ఆయన నవ్వలె. "మా దర్గా ఉర్సుకు కూడ గంధమే ఎత్తుకపోతం సార్. ఈ వాసన నాకు తెల్వనిదా? స్క్రూ నెత్తి మీద గీతలు పడ్డయి, జారిన గీతలు" అని, ఇంకేం అడగలె. సొరుగులోంచి పెన్సిల్ తుడిచే రబ్బరు తీసి, ఆ బంగారు పండ్లను ఒక్క దిక్కే మెల్లగ రుద్దుకుంట కూసున్నడు. మెత్తటి కుంచెను స్పిరిట్‌లో ముంచి సందును మూడుసార్లు కడిగిండు. ఆరనిచ్చిండు. ఆరేటప్పుడు అన్నడు.

"మీ దగ్గరికి టైపుకు వచ్చినప్పుడు మొదటి పాఠం గుర్తున్నదా సార్? అక్షరాలు కాదు. చేతులు కడుక్కోవాలె, తుడుచుకోవాలె, ఆరినంకనే మిషన్ ముట్టాలె అంటుంటిరి. మిర్చీలు తిని నూనె చేతులతోని వస్తె నన్ను రెండుసార్లు బయటికి పంపిన్రు. నేను ఇప్పటికి గదే పాటిస్త."

ఎత్తిపొడుపు లేదు ఆయన గొంతులో. పాఠం అప్పజెప్తున్నట్టు చెప్పిండు. నేను నా చేతుల దిక్కు చూసుకున్న.

ఎస్సెస్డీని ఒక చిన్న డబ్బలో పెట్టి తన కంప్యూటర్‌కు కలిపిండు. కనపడ్డది. ముందుగాల అందులో ఉన్నదంత ఇంకో డిస్క్‌లోకి ఎక్కించుకున్నడు. అప్పుడు తెచ్చి మా పెట్టెలో గుచ్చి, స్క్రూ బిగించి చాలు చేసిండు. జాబితాలో పేరొచ్చింది. పావుగంట పని. నేను బంతుల్లో చెప్పే మూడు దినాలు ఇవే.

మరదలు వచ్చేసరికి తెర మీద రెండు నెమళ్లు, నడుమ పిందె. ఆమె నిలబడ్డకాడనే నిలబడి చూసింది.

"కనెక్షన్ వదులైందక్కా" అన్నడు ఆయన. "ఎండాకాలంల నేనే గట్టిగ బిగియలె. తప్పు నాది."

నేను ఉలిక్కిపడ్డ. ఆమె ఆయన దిక్కు చూసింది. గొంతు లేపింది.

"తప్పు చేసినోడు తప్పని ఒక్క మాట చెప్పనీకె ఏం రోగం? పెద్దమనిషివి, నలుగురు నమ్మే మనిషివి! ముసలామె మూడు దినాలు గోడ దిక్కు తిరిగి పండుకున్నది. నోట్ల నాలుక లేదా? సిగ్గుండాలె మనిషికి!"

రోడ్డు మీద పోయేటోళ్లు కూడ ఆగి చూసిన్రు. ఆయన తల వంచుకొని, "అవునక్కా" అన్నడు. అప్పుడు నేనేం చేసిన్నో అడుగుండ్రి. ఏం చేయలె. సిగ్గుతోని కుర్చీలో ముడుచుకపోయిన. గొంతులో ముద్ద అడ్డం పడ్డది. ఆయన తెప్పించిన చాయ్ ముట్టనే లేదు, నా ముందర అట్లనే చల్లారిపోయింది.

దీపావళికి రెండు దినాల ముందు ఆ అంచు మగ్గం మీద లేచింది. ముసలామెను చెయ్యి పట్టుకొని తెచ్చి కూసోబెట్టిన్రు. కండ్లు సరిగ్గ కనపడవు ఆమెకు. వేలుతోని నెమలి మెడ ఎంబడి తడుముకుంట పోయి, పిందె కాడ ఆగింది. "లోపలి పిందె కూడ ఉన్నది" అన్నది. నేనక్కడనే ఉన్న. అందరు ఆమెను చూస్తుంటె నేను నేల చూసిన.

అట్ల చూసినోణ్ని నోరు మూసుకోవాలె గద. మూసుకోలె. నెల తిరగకముందే ఒక పెండ్లి బంతిలో, మొదట్లో రాసిన మాటలు మొదలుపెట్టిన. ఒక పెండ్లిలో చెప్తె ఇంకో పెండ్లికి పెరిగింది. పోయిన మాఘంలో వనపర్తిలోనే ఒక పెండ్లి. "పేరుమోసిన మెకానిక్‌లు చేతులెత్తేసిన్రు" అని చెయ్యి ఊపుకుంట చెప్తున్న. ఎదురు బంతిలో తల లేపి చూస్తె నాగర్‌కర్నూలాయన. ఎప్పటినుంచి వింటున్నడో. నా మాట నడుమ తెగిపోయింది. ఆయన లేచి, వడ్డించేటాయన్ని పిలిచి, "సార్‌కు పెరుగు ఏయి" అన్నడు. మళ్ల కూసొని తన అన్నం తాను తిన్నడు.

ఆ పెరుగన్నం ఎట్ల మింగిన్నో నాకే తెల్సు. ఆ దినం అనుకున్న, ఇది రాయాలె, ఆయన పేరు మీద నేనేసిన మరక నేనే తుడవాలె అని. రబ్బరు నాక్కూడ ఒకటి కావాలె. గద్వాల పోయి, అదే కంప్యూటర్ ముందర కూసొని, చేతులు కడుక్కొని, తుడుచుకొని, ఇదంత టైపు చేసిన. చేసి మరదల్ని పిలిచి చదివి వినిపించిన. సడ్డకుడు మగ్గం ఆపి విన్నడు. ఆమె ఏడుస్తదేమో, కనీసం తిడ్తదేమో అనుకున్న.

ఆమె కొంగుతోని కీబోర్డు మీద దుమ్ము తుడిచింది.

"అంత సక్కగనే రాసినవ్ బావా. గని తిట్ల కాడ తప్పు రాసినవ్."

"ఏం తప్పు?"

"గా పొద్దు నేను తిట్టింది ఆయన్ని కాదు. నిన్ను. బస్సుల పెట్టె మీద తల పెడితె లోపటినుంచి గుప్పున గంధం వాసన. నేను పండుకోలె, అప్పుడే తెల్సిపోయింది నాకు. మొఖం మీద తిడ్దమంటె మా అక్క మొగనివి. నీకు వినపడాలని ఆయన్ని చూసుకుంట తిట్టిన. ఆయనకు తెల్సే తల వంచుకున్నడు. పొద్దుగూకకముందే ఫోన్ చేసి తప్పైంది తమ్మీ అని కూడ చెప్పిన. తెల్వనిది నీ ఒక్కనికే."

కుర్చీని మళ్ల కీబోర్డు కాడికి గుంజుకొని, "సరె, గది కూడ రాస్త" అన్న.

"ఇంకోటి కూడ రాయి" అన్నది. "చాయ్ చల్లారలె. గొంతుల ముద్ద గిట్ల ఏం అడ్డం పడలె. నేను గంత తిడ్తుంటె నువ్వు రెండు బిస్కట్లు ముంచుకొని తిన్నవ్. మూడోది ఇరిగి గిలాసల పడితె, ఆయన్ని చెంచా అడిగినవ్."